పెరాక్సిడేజ్ వెనుక మనిషి: ఒలింపిక్ నావికుడు, రసాయన శాస్త్రవేత్త బ్రిటన్ చాన్స్

బెట్టకు, చౌడుకు, చలికి లేదా తెగులుకు పైరు ఎలా స్పందించిందో పరిశీలించిన సిద్ధాంత గ్రంథాలను తెరిస్తే, సామగ్రి–పద్ధతుల అధ్యాయంలో ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది. పెరాక్సిడేజ్ చర్యాశీలతను చాన్స్, మేహ్లీల 1955 నాటి పద్ధతిలో నిర్ణయించినట్లు ఆ వాక్యం తెలుపుతుంది. విద్యార్థి ఆ పేర్లను తనకు ముందు వచ్చిన గ్రంథం నుంచి తీసుకుంటాడు. తరువాతి సంవత్సరం మరొక విద్యార్థి ఇతని గ్రంథం నుంచి తీసుకుంటాడు. ఇలా చేతులు మారుతూ వచ్చిన ఆ పేరు నేటికీ నిలిచి ఉన్నది గాని, పేరు గల మనిషి ఎవరో, ఆ పద్ధతిని ఏ అవసరం కొద్దీ రూపొందించారో చాలామందికి తెలియదు.

ఆ ఇద్దరిలో మొదటివారైన బ్రిటన్ చాన్స్ భౌతిక రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందిన అమెరికా శాస్త్రవేత్త. ఎంజైము తన అధస్థ పదార్థంతో కలిసి ఏర్పరచే సంయోగం ఎంత వేగంగా పుడుతుందో, ఎంత వేగంగా విడిపోతుందో సూటిగా కొలిచి చూపిన ఘనత ఆయనది. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో తెరచాప పడవల పందెంలో స్వర్ణపతకం గెలుచుకున్నదీ ఆయనే. నీటి క్రీడలలో రాణించి, ఆపైన రసాయన శాస్త్రంలో స్థిరపడిన వారు లోకంలో కొందరున్నారు. చాన్స్ విషయం కొంత భిన్నమైనది. ఆయన మొదటిదానిని విడిచి రెండవదానికి వెళ్లలేదు. ప్రపంచ ప్రసిద్ధమైన ప్రయోగశాలకు అధిపతిగా ఉంటూనే పతకం గెలిచారు.

ఉప్పునీటి కయ్య నుంచి ప్రయోగశాలకు

చాన్స్ 1913 జూలై 24న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విల్క్స్‌బారే పట్టణంలో జన్మించారు. తండ్రి ఎడ్విన్ చాన్స్ ఇంజనీరు. వేసవి కాలంలో ఆ కుటుంబం న్యూజెర్సీ తీరంలోని బార్నెగట్ బే వద్ద గడిపేది. మన పులికాట్ సరస్సుకు శ్రీహరికోట అడ్డుగా ఉన్నట్లే, అక్కడ కూడా సముద్రానికి అడ్డుగా పొడవాటి ఇసుక దీవి, దాని వెనుక లోతు తక్కువైన ఉప్పునీటి కయ్య ఉన్నాయి. గాలి నిలకడగా ఉండని ఆ నీటి మీద బాలుడు తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు.

పడవతో పాటు పరికరాల మీద కూడా ఆయనకు చిన్ననాడే మక్కువ కలిగింది. నిర్దేశించిన దిశ నుంచి ఓడ కొద్దిగా తొలగగానే కాంతి సాయంతో ఆ తేడాను పసిగట్టి, చుక్కానిని తానే సరిచేసే పరికరాన్ని ఇంకా యువకుడుగా ఉండగానే రూపొందించి దానికి పేటెంటు పొందారు. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా వైపు సాగిన సరకు ఓడ మీద దానిని పరీక్షించారు. అతి స్వల్పమైన తేడాను కాంతితో గుర్తించడం, దానిని విద్యుత్ సంకేతంగా మార్చడం అనే ఈ రెండు పనులనే ఆయన తరువాతి డెబ్బై ఏళ్లలో ఎన్నో రూపాలలో చేస్తూ వచ్చారు. ఓడ స్థానంలో ఎంజైము వచ్చింది, ఆపైన మైటోకాండ్రియా, ఆకు, కండరం వచ్చాయి.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1935లో పట్టం, 1940లో భౌతిక రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఆ తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి రెండవ డాక్టరేటు కూడా స్వీకరించారు. వేగంగా జరిగే రసాయన చర్యలను కొలవడంలో ఆనాడు కేంబ్రిడ్జికి సాటి లేదు. అక్కడ 1923లో హార్ట్‌రిడ్జ్, రఫ్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కలిసే వేగాన్ని కొలవడానికి ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. రెండు ద్రావణాలను ఒత్తిడితో ఒక చిన్న గదిలోకి పంపి కలిపి, ఆ మిశ్రమాన్ని గాజు గొట్టంలో వేగంగా ప్రవహింపజేస్తారు. కలిసిన చోటు నుంచి ఎంత దూరంలో చూస్తే, కలిసిన తరువాత అంత కాలం గడిచినట్లు లెక్క. గడియారం కొలవలేని కాలాన్ని కొలబద్దతో కొలవడమే ఇందులోని నేర్పు. అయితే ప్రవాహం ఆగకుండా సాగాలి కనుక లీటర్ల కొద్దీ ద్రావణం కావాలి. రక్తం విషయంలో అది సాధ్యమే. చేతిలో కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే ఉండే శుద్ధమైన ఎంజైము విషయంలో ఎలా సాధ్యమవుతుంది?

ఈ అవసరాన్ని గ్లెన్ మిలికన్ కొంత తగ్గించారు. రక్తంలోని ఆక్సిజన్‌ను చెవి తమ్మె ద్వారా కొలిచే పరికరాన్ని రూపొందించినది కూడా ఈ మిలికనే. 1947లో కొండ ఎక్కుతూ ప్రమాదంలో మరణించారు. ఆయన వద్ద, రఫ్టన్ వద్ద నేర్చిన దానిని చాన్స్ మరొక మెట్టు ముందుకు తీసుకెళ్లారు. రెండు చిన్న పిచికారీలతో ద్రావణాలను నెట్టడం, సన్నని గొట్టంలో ప్రవాహాన్ని వేగంగా సాగించి హఠాత్తుగా ఆపడం, ఆగిన ద్రవంలో మారుతున్న రంగును కాంతి విద్యుత్ ఘటంతో నమోదు చేయడం అనేవి ఆయన చేసిన మార్పులు. దీనితో చాలా కొద్ది ద్రావణంతోనే సెకనులో వెయ్యో వంతు కాలంలో జరిగే మార్పును చూడగలిగే వీలు కలిగింది. ఆపిన ప్రవాహ పద్ధతి అని నేడు పిలిచే విధానానికి మూలం ఇదే.

ముప్పై ఏళ్ల ఊహకు సాక్ష్యం

చాన్స్ పుట్టిన సంవత్సరంలోనే, అంటే 1913లో, బెర్లిన్‌లో మికేలిస్, మాడ్ మెంటెన్ ఒక ప్రసిద్ధ పరిశోధనను ప్రకటించారు. వారు ఇన్వర్టేజ్ అనే ఎంజైము చెరకు చక్కెరను విడగొట్టే వేగాన్ని పరిశీలించారు. చక్కెర గాఢతను పెంచుతూ పోతే మొదట వేగం పెరుగుతుంది, ఒక హద్దు చేరిన తరువాత ఇక పెరగదు. ఎంజైము ముందుగా చక్కెరతో కలిసి ఒక తాత్కాలిక సంయోగాన్ని ఏర్పరచి, ఆ తరువాతే ఉత్పన్నాన్ని విడుదల చేస్తుందని భావిస్తే ఈ ప్రవర్తనకు అర్థం చిక్కుతుంది. వ్యవసాయ రసాయన శాస్త్ర విద్యార్థులందరూ చదివే మికేలిస్ – మెంటెన్ సమీకరణం ఈ భావన మీదనే నిలిచింది. కాని ఆ సంయోగాన్ని అప్పటికి ఎవరూ చూడలేదు. అది వక్రరేఖ ఆకారం నుంచి ఊహించిన వస్తువు మాత్రమే.

ఆ ఊహను పరీక్షించడానికి రంగు గల ఎంజైము కావాలి. హార్స్‌రాడిష్ అనే మొక్క వేరు అందుకు ఉపయోగపడింది. అది ఆవ, ముల్లంగి, క్యాబేజీల కుటుంబానికే చెందినది; పాశ్చాత్యులు దాని ఘాటైన వేరును తురిమి మాంసంతో నంజుకుంటారు. ఈ వేరులో పెరాక్సిడేజ్ సమృద్ధిగా ఉంటుంది. ఈ ఎంజైములో హీమోగ్లోబిన్‌లో వలెనే ఇనుము గల హీమ్ ఉన్నందున దానికి సహజమైన రంగు ఉన్నది. హైడ్రోజన్ పెరాక్సైడు కలిపితే ఆ రంగు మారుతుందని కేంబ్రిడ్జిలోనే కైలిన్, మాన్ 1937లో గమనించారు. సంయోగం ఏర్పడుతున్నదని దీనివల్ల తెలిసింది. అది ఎంత వేగంగా ఏర్పడుతున్నది, ఆ వేగం మికేలిస్ భావనకు సరిపోతున్నదా అన్నది మాత్రం తెలియలేదు. కంటికి అంతా ఒక్క క్షణంలో ముగిసిపోతుంది.

చాన్స్ తన పరికరంలో ఒకవైపు పెరాక్సిడేజ్‌ను, మరొకవైపు హైడ్రోజన్ పెరాక్సైడును, దానితో పాటు ఆక్సీకరణం చెందితే ఆకుపచ్చగా మారే ల్యూకోమలకైట్ గ్రీన్ అనే రంగు పదార్థాన్ని ఉంచారు. మధ్యంతర సంయోగం పుట్టడం, కొంతసేపు నిలవడం, క్షీణించడం, అదే సమయంలో ఆకుపచ్చ రంగు పేరుకోవడం అన్నీ ఒకే ప్రయోగంలో నమోదయ్యాయి. ఆ వక్రరేఖలు సిద్ధాంతంతో సరిపోతాయా లేదా తేల్చడానికి చేతితో సాధించలేని అవకలన సమీకరణాలు అడ్డువచ్చాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని మూర్ ఇంజనీరింగు పాఠశాలలో పళ్లచక్రాలతో, ఇరుసులతో పనిచేసే ఒక పెద్ద గణన యంత్రం ఉండేది. కొన్నేళ్ల తరువాత ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ గణన యంత్రం పుట్టినది ఈ పాఠశాలలోనే. జీవరసాయన సమస్యను అటువంటి యంత్రానికి అప్పగించిన తొలివారిలో చాన్స్ ఒకరు. యంత్రం గీసిన రేఖలు ప్రయోగం గీసిన రేఖలతో కలిశాయి. 1943లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ముప్పై ఏళ్లు ఊహగా నిలిచిన సంయోగానికి ఆ విధంగా సాక్ష్యం లభించింది.

మన ప్రయోగశాలల్లో ఆ పద్ధతి

చాన్స్, ఆండ్రియాస్ మేహ్లీ కలిసి 1955లో ఎంజైము పద్ధతుల సంకలన గ్రంథం రెండవ సంపుటిలో కాటలేజ్, పెరాక్సిడేజ్‌ల కొలతను వివరించారు. వ్యవసాయ పరిశోధకులు నేటికీ ప్రస్తావించేది దానినే. గుయాకాల్ అనే రంగులేని పదార్థాన్ని హైడ్రోజన్ పెరాక్సైడు సమక్షంలో పెరాక్సిడేజ్ ఆక్సీకరిస్తుంది. తేనె రంగు గల టెట్రాగుయాకాల్ ఏర్పడుతుంది. 470 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద శోషణ నిమిషానికి ఎంత పెరిగినదో చూసి ఎంజైము చర్యాశీలతను లెక్కిస్తారు. ఖరీదైన రసాయనాలు అవసరం లేదు. సాధారణ స్పెక్ట్రోఫోటోమీటరు చాలు. ఈ సౌలభ్యమే ఆ పద్ధతిని మారుమూల పరిశోధన కేంద్రాల వరకు చేర్చింది.

సౌలభ్యం వెంట అలక్ష్యం కూడా వచ్చిందన్న మాట ఇక్కడ చెప్పక తప్పదు. చాన్స్ కొలిచినది వేగాన్ని. రంగు చేరిన చివరి అంకె ఆయనకు ముఖ్యం కాదు, రంగు పెరిగిన తీరు ముఖ్యం. గుయాకాల్ చర్యలో మొదటి కొద్దిసేపు మాత్రమే రేఖ తిన్నగా సాగుతుంది. ఆ తరువాత పెరాక్సైడు తరిగిపోవడం వల్ల, ఆ పెరాక్సైడు ధాటికే ఎంజైము కొంత నిర్వీర్యం కావడం వల్ల రేఖ వంగిపోతుంది. మూడు లేదా ఐదు నిమిషాల తరువాత ఒక్కసారి మాత్రమే అంకె చూసి దానిని మూడుతో లేదా ఐదుతో భాగిస్తే, బలమైన ఆకు రసమే ఎక్కువగా నష్టపోతుంది. రెండు రకాల మధ్య నిజంగా ఉన్న తేడా అందువల్ల కుదించుకుపోతుంది. దీనిని పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఆకు రసాన్ని సగానికి పలుచన చేసి మళ్లీ కొలిస్తే వేగం కూడా సగం కావాలి. కాకపోతే కొలిచినది ప్రారంభ వేగం కాదని అర్థం.

ఫలితాన్ని దేనితో భాగించాలన్నది మరింత జాగ్రత్త అవసరమైన విషయం. చాలా వ్యాసాలలో చర్యాశీలతను పచ్చి ఆకు గ్రాముకు లెక్కిస్తారు. నీరు పెట్టిన మొక్క ఆకులో నీరు 80 శాతం ఉన్నదనుకుంటే 100 గ్రాముల ఆకులో పొడి పదార్థం 20 గ్రాములు. బెట్టకు గురైన ఆకులో నీరు 70 శాతానికి పడిపోతే అదే 100 గ్రాములలో పొడి పదార్థం 30 గ్రాములు. ఆకులోని ఎంజైము ఏమాత్రం పెరగకపోయినా గ్రాము పచ్చి ఆకుకు అది ఒకటిన్నర రెట్లు పెరిగినట్లు కాగితం మీద కనిపిస్తుంది. మిల్లీగ్రాము మాంసకృత్తుకు లెక్కించినా ఇబ్బంది పూర్తిగా తొలగదు. ఒత్తిడికి లోనైన ఆకులో మాంసకృత్తులే తగ్గిపోవచ్చు. కాబట్టి పొడి బరువును, మాంసకృత్తును రెండింటినీ ఆధారం చేసుకొని ఫలితాలు చూపడం మంచిది. అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ వేసే రైతుకు ఏ రకం బెట్టను తట్టుకుంటుందో చెప్పే ముందు, పట్టికలోని పెరుగుదల ఎంజైముదా, వాడిన ఆకుదా అన్నది తేలి ఉండాలి.

హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ ఇంకొక దారిలో కూడా మన పొలాలకు చేరింది. మొక్కల వైరస్‌లను, గింజలలోని అఫ్లాటాక్సిన్‌ను గుర్తించే ఎలీసా పరీక్షలలో ప్రతిరక్షకానికి అతికించే ఎంజైములలో ఇది ఒకటి. పళ్లెంలోని గుంటలో రంగు కనబడితే ఆ రంగును పుట్టించినది చాలాసార్లు ఈ ఎంజైమే.

యుద్ధం, ఆపైన మజ్జిగ వంటి ద్రావణాలు

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి చాన్స్‌ను మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని రేడియేషన్ ప్రయోగశాలకు చేర్చింది. అక్కడ రాడార్‌కు కావలసిన సూక్ష్మ కాల కొలతల వలయాలను రూపొందించే పనిలో ఆయన ప్రముఖ పాత్ర వహించారు. ఆ ప్రయోగశాల వెలువరించిన గ్రంథమాలలో విద్యుత్ తరంగ రూపాల గురించిన సంపుటికి ఆయన సంపాదకులలో ఒకరు. యుద్ధం ముగిసిన తరువాత స్టాక్‌హోమ్ వెళ్లి, పెరాక్సిడేజ్‌ను స్ఫటిక రూపంలో పొందిన హ్యూగో థియోరెల్ వద్ద కొంతకాలం పనిచేశారు. 1949లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని జాన్సన్ పరిశోధన ప్రతిష్ఠానానికి అధిపతి అయ్యి 1983 వరకు ఆ పదవిలో కొనసాగారు.

శుద్ధమైన ఎంజైము తేటగా ఉంటుంది. జీవకణం తేటగా ఉండదు. మైటోకాండ్రియాను గాని, ఈస్టు కణాలను గాని నీటిలో కలిపితే పలుచని మజ్జిగ వలె కలకగా ఉంటుంది. కాంతి అందులో చెదిరిపోతుంది. శ్వాసక్రియలో పాల్గొనే సైటోక్రోముల రంగు మార్పు అతి స్వల్పం; కణాలు కొద్దిగా ఉబ్బినా, అడుగుకు దిగినా ఆ మార్పు కనబడకుండా పోతుంది. 1951లో చాన్స్ దీనికి కనుగొన్న పరిష్కారం ఎంతో సులువుగా తోస్తుంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు తరంగదైర్ఘ్యాల కాంతిని ఒకే పాత్రలోంచి మార్చి మార్చి పంపాలి. ఒకటి సైటోక్రోము మార్పుకు లోనయ్యేది, మరొకటి లోనుకానిది. కలక రెండింటినీ దాదాపు సమానంగా దెబ్బతీస్తుంది కనుక ఒకదాని నుంచి మరొకదానిని తీసివేస్తే మిగిలేది సైటోక్రోము మార్పే. వరి ఆకుకు తగిలించి పచ్చదనం చూసే స్పాడ్ పరికరం కూడా ఇటువంటి తర్కంతోనే 650, 940 నానోమీటర్ల కాంతులను పోల్చి పనిచేస్తుంది.

ఈ పరికరంతో మైటోకాండ్రియాను పగలగొట్టకుండా, అవి శ్వాసిస్తూ ఉండగానే చూడడం సాధ్యమైంది. 1955లో చాన్స్, విలియమ్స్ ప్రకటించిన వ్యాసాలలో మైటోకాండ్రియా శ్వాస స్థితులను ఒకటి నుంచి ఐదు వరకు వర్గీకరించారు. ఏడీపీ సమృద్ధిగా ఉండి శ్వాస వేగంగా సాగే స్థితి మూడవది. ఏడీపీ అయిపోయి వేగం తగ్గిన స్థితి నాలుగవది. మొక్కల మైటోకాండ్రియా మీద పనిచేసే వారు ఈ అంకెలనే నేటికీ వాడుతున్నారు.

హెల్సింకీ

ఇన్ని పనుల మధ్య 1952 వేసవి వచ్చింది. ఆ ఏడాది ఒలింపిక్ క్రీడలలో 5.5 మీటర్ల తరగతి పడవలకు మొదటిసారిగా స్థానం లభించింది. ఈ అంకె పడవ పొడవు కాదు. పొడవు, బరువు, తెరచాప వైశాల్యం ఒక సూత్రంలో ఉంచితే వచ్చే కొలత అది. ఒకటి పెంచుకుంటే మరొకటి తగ్గించుకోవాలి. చుక్కాని పట్టే చేతికి ఎంత నేర్పు కావాలో, సమీకరణాన్ని అర్థం చేసుకునే బుద్ధికి కూడా అంత పని ఉన్న తరగతి ఇది. చాన్స్‌కు ఇంతకంటే తగిన పడవ దొరకదు.

అమెరికా పడవకు ‘కాంప్లెక్స్ 2’ అని పేరు. ఎంజైమునూ అధస్థ పదార్థాన్నీ కలిపిన సంయోగానికి జీవరసాయన శాస్త్రవేత్తలు వాడే మాట కూడా ‘కాంప్లెక్సే’. శ్వాస శృంఖలంలోని నాలుగు భాగాలకు కాంప్లెక్స్ 1, 2 అనే పేర్లు రావడానికి ఇంకా కొన్నేళ్లు ఉన్నది కనుక ఆ రెండవ భాగానికీ ఈ పడవకూ సంబంధం వెదకరాదు. చాన్స్‌తో పాటు జట్టులో ఎడ్గర్ వైట్, సమ్నర్ వైట్ అనే కవల సోదరులు, మైఖేల్ షోటెల్ ఉన్నారు. మొత్తం ఏడు పందేలు; అందులో అన్నిటికంటే తక్కువ ఫలితాన్ని విడిచి ఆరింటిని లెక్కిస్తారు. పోటీలు సాగుతున్న రోజుల్లోనే చాన్స్‌కు 39 ఏళ్లు నిండాయి. నార్వే రెండవ స్థానంలో, స్వీడన్ మూడవ స్థానంలో నిలవగా స్వర్ణం అమెరికా జట్టుకు దక్కింది. నార్డిక్ దేశాల వారికి పుట్టినిల్లు వంటి బాల్టిక్ జలాలలో వారిని ఓడించడం సామాన్యమైన విషయం కాదు.

ఆయన పేరే పెట్టుకున్న కుమారుడు బ్రిటన్ చాన్స్ జూనియర్ తరువాతి కాలంలో అమెరికా కప్పు పోటీలలో పాల్గొన్న పందెపు పడవల రూపశిల్పిగా పేరు పొందారు.

మంచును కరిగించే పువ్వు, గడ్డకట్టిన బాక్టీరియా

వృక్షశాస్త్ర విద్యార్థులు చాన్స్‌ను గుర్తుంచుకోదగిన పని ఆ దశాబ్దం చివర మొదలైంది. ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని చిత్తడి నేలల్లో స్కంక్ క్యాబేజీ అనే మొక్క పెరుగుతుంది. పేరులో క్యాబేజీ ఉన్నా అది మన చేమ, కందల కుటుంబానికి చెందినది. శీతకాలం ముగిసే వేళ దాని పూగుచ్ఛం వేడిని పుట్టించి చుట్టూ ఉన్న మంచును కరిగిస్తుంది. మన కంద పూచినప్పుడు కూడా పూగుచ్ఛం వేడెక్కడం, దుర్గంధంతో ఈగలను పిలవడం తెలిసినదే. ఇటువంటి కణజాలాల శ్వాసను సైనైడు ఆపలేదు. సైటోక్రోము ఆక్సిడేజ్‌ను స్తంభింపజేసే విషం ఉన్నా ఆక్సిజన్ వినియోగం సాగుతూనే ఉంటుంది. 1959లో చాన్స్, హాకెట్ ఈ మొక్క మైటోకాండ్రియాలోని ఎలక్ట్రాన్ రవాణాను తమ పరికరాలతో పరిశీలించి ప్రకటించారు. ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఈ మార్గానికి కారణమని తరువాత స్థిరపడింది. ఈ దారిలో సాగిన శ్వాసలో ఏటీపీ తక్కువగా, వేడి ఎక్కువగా వస్తుంది. చలి, బెట్ట వంటి ఒత్తిళ్లలో సాధారణ పైర్లు కూడా ఈ మార్గాన్ని వాడుకుంటాయి కనుక అది నేడు విస్తృతమైన పరిశోధనాంశం.

కిరణజన్య సంయోగక్రియలో ఆయన చూపిన ఫలితం మరింత వింతైనది. క్రోమేషియం అనే బాక్టీరియా కాంతిని వాడుకొని జీవిస్తుంది. దానిని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి కాంతి ప్రసరింపజేస్తే సైటోక్రోము ఆక్సీకరణం ఆగిపోలేదని చాన్స్, నిషిమురా 1960లో కనుగొన్నారు. ఉష్ణోగ్రత తగ్గితే రసాయన చర్య మందగించాలన్నది సామాన్య సూత్రం. 1966లో డివాల్ట్, చాన్స్ లేజర్ కాంతిని వాడి ఈ వేగాన్ని విస్తృతమైన ఉష్ణోగ్రతల పరిధిలో కొలిచారు. చల్లబరచిన కొద్దీ వేగం తగ్గుతూ వచ్చి, సుమారు 100 కెల్విన్‌ల దిగువన ఇక తగ్గకుండా నిలిచిపోయింది. ఎలక్ట్రాన్ శక్తి అవరోధాన్ని ఎక్కి దాటడం లేదని, క్వాంటం యాంత్రిక శాస్త్రం చెప్పినట్లు దాని గుండా చొచ్చుకొని పోతున్నదని వారు వివరించారు. ఎలక్ట్రాన్ల సొరంగ ప్రసారం జీవులలో జరుగుతుందనడానికి ఇది తొలి బలమైన ఆధారం.

చాన్స్ తీర్పులన్నీ సరైనవే అనుకోవడం పొరపాటు. మైటోకాండ్రియాలో ఏటీపీ ఎలా తయారవుతుందన్న ప్రశ్న మీద 1960లలో పెద్ద వివాదం నడిచింది. పొర ఇరువైపులా ఏర్పడే ప్రోటాన్ల వ్యత్యాసమే అందుకు శక్తినిస్తుందని 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించారు. అధిక శక్తి గల రసాయన మధ్యంతరం ఏదో ఉండి తీరాలన్న పక్షాన చాన్స్ చాలాకాలం నిలిచారు. మధ్యంతర సంయోగాన్ని వెదికి పట్టుకొని కీర్తి పొందిన మనిషికి అది సహజమే. కాని ఈసారి అటువంటిది ఏదీ లేదు. 1977లో ఈ విషయంపై వెలువడిన ఒక సమీక్షలో బోయర్, చాన్స్, ఎర్న్‌స్టర్, మిచెల్, రాకర్, స్లేటర్ ఆరుగురూ ఎవరి భాగం వారు రాశారు. మరుసటి సంవత్సరం మిచెల్‌కు నోబెల్ బహుమతి లభించింది. చాన్స్‌కు ఆ బహుమతి ఎన్నడూ రాలేదు. 1974లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం, 1981లో రాయల్ సొసైటీ విదేశీ సభ్యత్వం లభించాయి.

సుబ్బారావు కనుగొన్న పదార్థం, చాన్స్ చూసిన కండరం

మన సిద్ధాంత గ్రంథాలలో చాన్స్, మేహ్లీల పేర్ల వలెనే కుండలీకరణాలలో నిలిచిన మరొక జంట ఫిస్కే, సుబ్బారావు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని నీలి రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతిని కండర రసానికి వాడినప్పుడు రంగు రావలసిన సమయంలో రాక ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని వారు లోపంగా భావించి కొట్టివేయలేదు. భాస్వరం ఏదో పదార్థంతో బంధితమై ఉండి మెల్లగా విడుదలవుతున్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. చివరి అంకె చాలునని ఊరుకొని ఉంటే ఆ పదార్థం వారి చేతికి చిక్కేది కాదు.

అర్ధశతాబ్దం తరువాత చాన్స్ ఆ ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరకే వచ్చారు. అప్పటివరకు కండరంలో దానిని కొలవాలంటే సూదితో కండను తీసి, గడ్డకట్టించి, నూరవలసి ఉండేది. భాస్వర కేంద్రకాల అయస్కాంత అనునాదం ద్వారా చేతిని కోయకుండానే, మనిషి వ్యాయామం చేస్తూ ఉండగానే ఫాస్ఫోక్రియాటిన్‌కు, అకర్బన భాస్వరానికి మధ్య నిష్పత్తి ఎలా మారుతున్నదో ఆయన బృందం 1981లో చూపించింది. పని పెరిగితే ఆ నిష్పత్తి తగ్గుతుంది, విశ్రాంతితో కోలుకుంటుంది. మైటోకాండ్రియా సక్రమంగా పనిచేయని రోగులలో ఈ తీరు మారుతుంది.

అధిపతి పదవి నుంచి వైదొలగిన తరువాత ఆయన దృష్టి పరారుణానికి దగ్గరగా ఉన్న కాంతి మీదకు మళ్లింది. అరచేతి వెనుక దీపం పెడితే ఎర్రగా కనబడడం అందరికీ తెలిసినదే. ఆ ఎరుపును దాటిన కాంతి కణజాలంలోకి ఇంకా లోతుగా వెళ్తుంది. మెదడులో, కండరంలో, రొమ్ములో ఆక్సిజన్ స్థితిని శరీరం పైనుంచే తెలుసుకోవడానికి ఆయన ఎన్నో చిన్న పరికరాలు రూపొందించారు. చాలా వాటిని క్రీడాకారుల కండరాల మీద పరీక్షించారు. చైనాలోని వుహాన్ నగరంలో హువాజోంగ్ విశ్వవిద్యాలయపు జీవకాంతి పరిశోధన కేంద్రం ఆయన పేరు మీదనే నడుస్తున్నది. తొంభై ఏళ్లు దాటినా పరిశోధన విడువలేదు. 2010 నవంబరు 16న ఫిలడెల్ఫియాలో, 97 ఏళ్ల వయసులో మరణించారు.